వేసవి యెండలలో పనిపాటలు: రైతులు పాటింపవలసిన జాగ్రత్తలు

ప్రతి సంవత్సరమును ఉగాది దాటినది మొదలు మృగశిర కార్తె ప్రవేశించువఱకు మన ప్రాంతమున ఎండలు తీవ్రముగా నుండును. ఈ దినములలో పొలమున పని యుండదని పట్టణవాసులు తలంచుట కలదు. రైతు లెఱిగిన సంగతి వేఱు. యాసంగి వరి కోతలు, మిరపకాయ లెండబెట్టుట, పసుపు కొమ్ము లుడికించుట, వేసవి దుక్కులు, పెంట తోలుట, చెఱువు మట్టి తోలుట, గట్లు వేయుట, మామిడికాయలు దింపుట, అడవి ప్రాంతములందు తునికాకు సేకరించుట, ఇవియన్నియు నీ రెండుమూడు నెలలలోనే వచ్చిపడును. వానలు పడక పూర్వమే యీ పనులు ముగియకున్న వానకాలపు సేద్యము వెనుకబడును.

కావున ఎండకాలమున పని మానుకొనుడని చెప్పుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము గాదు. పనిని ఏ వేళల, ఏ విధమున జరుపుకొన్నచో పనియు సాగి ప్రాణమునకును అపాయము లేకుండునో తెలుపుటయే యుద్దేశము. భూమి గలిగి కూలివాండ్రను పెట్టి సేద్యము చేయించు రైతులు దీనిని ప్రత్యేకముగా గమనింపవలెను. ఏలయన, కూలివాడు ఏ గంటకు పనికి దిగవలెనో, ఏ గంటకు చెట్టు నీడకు పోవలెనో నిర్ణయించువాడు రైతే. తప్పిన ఫలితము ననుభవించువాడు మాత్రము కూలివాడు.

1. దేహము వేడిమి నెట్లు భరించును?

ఆరోగ్యవంతుని దేహపు వేడిమి సుమారు 37 సెంటిగ్రేడు డిగ్రీలు, అనగా 98.6 ఫారన్‌హీటు డిగ్రీలు. ఎండ యైనను చలి యైనను దేహము దీనిని కాపాడుకొనుటకే యత్నించును. మనుష్యుడు కండలతో పని చేయునపుడు వెచ్చించు శక్తిలో సుమారు నాల్గవ వంతు కంటె తక్కువయే పనిగా మాఱును. తక్కినది వేడిగా మాఱి దేహముననే నిలుచును. కావున పార పట్టి మట్టి త్రవ్వువానికి వేడిమి రెండు వైపుల నుండి వచ్చును: పైనుండి ఎండ, లోపలనుండి పని.

ఈ వేడిమి బయటకు పోవుటకు ముఖ్యమైన మార్గము చెమట. చెమట ఆవిరియైనపుడు దేహపు వేడిని వెంట దీసికొని పోవును. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరియైనచో సుమారు 580 కిలో కెలోరీల వేడి దేహమును విడిచిపోవును. ఆవిరి గాక నేల రాలిన చెమట వలన ప్రయోజన మేమియు లేదు. సముద్రతీరమున గాలియందు తేమ యెక్కువగుటచే చెమట ఆఱదు. అందుచే అక్కడ తక్కువ యెండకే యుక్క పోసి ప్రాణము విసుగును. తెలంగాణపు మెట్ట నేలలలో గాలి పొడిగా నుండుటచే చెమట వెంటనే ఆఱిపోవును. ఒంటిపై తడి కనబడనందున తనకు చెమటయే పట్టలేదని పనివాడు భ్రమపడి నీరు త్రాగుట మఱచును. ఈ రెండు చోట్లను అపాయము గలదు; దాని రూపము మాత్రము వేఱు.

కష్టమైన పని చేయువానికి గంటకు ఒక లీటరు చెమట పోవుట సామాన్యము. ఒక్కొక్కపుడు అంతకంటె నెక్కువయు పోవును. ఆ నీరు తిరిగి చేరకున్న రక్తము చిక్కనగును, గుండె వేగముగా కొట్టుకొనును, చెమట తగ్గును. అంతట దేహపు వేడిమి పెరిగి 40 డిగ్రీలు దాటి మెదడు చెడుటయే వడదెబ్బ.

2. మన యెండల తీవ్రత

మైదాన ప్రాంతములందు పగటి యుష్ణోగ్రత 40 డిగ్రీలైనను చేరి, ఆ దినమునకు సాధారణమైన దానికంటె 4.5 డిగ్రీలు గాని అంతకు మించి గాని హెచ్చినచో దానిని వడగాడ్పు అని భారత వాతావరణ శాఖవారు ప్రకటింతురు. సాధారణముతో నిమిత్తము లేకుండ 45 డిగ్రీలు చేరినచో వడగాడ్పనియు, 47 డిగ్రీలు చేరినచో తీవ్రమైన వడగాడ్పనియు చెప్పుదురు.

ఈ యంకెలు నీడలో, గాలి యాడు చెక్క పెట్టెలో నుంచిన యంత్రముచే కొలిచినవని రైతులు జ్ఞాపకముంచుకొనవలెను. వార్తలలో 43 డిగ్రీలని చెప్పిన దినమున, నడియెండలో, కాలిన నేలపై నిలిచి పని చేయువాని దేహమునకు తగులు వేడిమి అంతకంటె చాల హెచ్చు.

2003వ సంవత్సరము వేసవిలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వడగాడ్పులకు వేయిమందికి పైగా మరణించిరి. 2015వ సంవత్సరము మే నెలలో దేశము మొత్తముమీద రెండువేలకు పైగా మరణింపగా, వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములవారే. ఎండను పుట్టినది మొదలు ఎఱిగిన ప్రజలే యిట్లు మరణించిరి. కనుక మాకు ఎండ యలవాటే యను మాట యొక్కటియే రక్ష గాజాలదు.

3. పనికి క్రొత్తగా దిగువారు

దేహము ఎండకు అలవాటుపడుట నిజమే. అయితే ఆ యలవాటు ఒక్కనాట కలుగదు. ఒకటి రెండు వారములు పట్టును. దినదినము కొంచెము కొంచెముగా ఎండలో పని చేసినచో చెమట త్వరగా పట్టుట, చెమటలో ఉప్పు తక్కువగా పోవుట, గుండెకు శ్రమ తగ్గుట యను మార్పులు గలుగును. కొన్ని దినములు పని మానినచో ఈ లాభము తగ్గుట మొదలిడి, మూడు నాలుగు వారములలో దాదాపు పూర్తిగా పోవును.

బయటి పనులలో ఎండదెబ్బకు మరణించినవారిలో సగమునకు పైగా పనికి దిగిన మొదటి కొద్ది దినములలోనే మరణించినట్లు అమెరికా దేశమున పనివారి రక్షణను చూచు శాఖవారు తెలిసికొనిరి. మన గ్రామములలో నిట్టి వారెవరు? పట్టణమున నౌకరి చేసి సెలవులకు వచ్చి కోతలో చేయి వేసినవాడు; జ్వరపడి లేచినవాడు; పెండ్లికి పోయి వారము దినములు తిని కూర్చుండి వచ్చినవాడు; బడి సెలవులని తండ్రి వెంట పొలమునకు వచ్చిన పిల్లవాడు. వీరు బలిష్ఠులుగా కనబడుటచేతను, పదిమందిలో వెనుకబడిన సిగ్గని తలంచుట చేతను, మొదటినాడే అందఱతో సమముగా పని చేయ బూనుదురు. అపాయము వచ్చునది అచ్చటనే.

కావున ఈ పనికి బొత్తిగా క్రొత్తవానికి మొదటి దినమున ఎండలో అయిదవ వంతు పని మాత్రమే యిచ్చి, దినమునకు అయిదవ వంతు చొప్పున పెంచవలెను. పూర్వము అలవాటుండి నడుమ మానినవానికి మొదటినాడు సగము, రెండవనాడు పదింట ఆఱు వంతులు, మూడవనాడు పదింట ఎనిమిది వంతులు, నాల్గవనాడు పూర్తి పని ఈయవచ్చును. ఆకస్మికముగా వడగాడ్పులు వీచినపుడు, పాత పనివారికిని పనిని తగ్గింపవలసినదే.

4. పని వేళలు

మన పెద్దలు ఈ యెండలలోనే పని చేయలేదా యని కొందఱు ప్రశ్నింతురు. చేసిరి. అయితే వారు చేసిన విధమును గూడ జ్ఞాపకము చేసికొనవలెను. మోట తోలువాడు కోడి కూయకమునుపే ఎద్దులను కట్టెడివాడు. ఎండ ముదిరినంతనే విప్పెడివాడు. నాగళ్ళు చుక్క పొడిచిన వేళకు పొలము చేరెడివి. మధ్యాహ్నము మనుష్యులును, పశువులును వేపచెట్టు క్రిందనో చింతచెట్టు క్రిందనో ఉండెడివారు. పెద్దల యోర్పును మాత్రము గ్రహించి వారి వేళలను విడుచుట తగదు.

మిట్టమధ్యాహ్నమే అన్నిటికంటె వేడియైన వేళ యని చాలమంది నమ్ముదురు. సూర్యుడు నడినెత్తికి వచ్చునది అప్పుడే గాని, నేల కాగి గాలి కాగుటకు మఱికొంత కాలము పట్టును. గాలి మిక్కిలి వేడెక్కునది పగలు రెండు మొదలు నాలుగు గంటల నడుమ. కావున పండ్రెండు గంటలకు అన్నము దిని ఒంటిగంటకే తిరిగి పనికి దిగుట అన్నిటికంటె చెడ్డ పద్ధతి. ఉదయము అయిదు గంటలకు మొదలిడి పదిన్నరకు ముగించి, తిరిగి నాలుగున్నర మొదలు చీకటిపడువఱకు చేసినచో సుమారు ఏడున్నర గంటల పని జరుగును. బరువైన పనులను ఉదయమునకు, కూర్చుండి చేయు పనులను నీడకు కేటాయింపవలెను. పురుగుల మందులు చల్లుటయు ఉదయముననే ముగింపవలెను. నోటికి, ఒంటికి గుడ్డ కట్టుకొని నడియెండలో చల్లుట రెండు విధముల అపాయకరము. పసుపు ఉడికించువారు పొయ్యి సెగయు ఎండయు గలియకుండునట్లు తెల్లవారుజామున గాని, రాత్రి గాని వండుకొనుట మేలు.

గుత్తపని విషయమున రైతులు మిక్కిలి జాగరూకులై యుండవలెను. గుత్తకు తీసికొన్న కూలివాండ్రు తమంతట తాము విశ్రమింపరు. ఎంత త్వరగా ముగించిన నంత లాభమని ఎండలోనే చేయుదురు. కావున గుత్త మాటలాడునపుడే ఈ వేళలలో పని చేయరాదని షరతు పెట్టవలెను. మధ్యాహ్నపు విరామమునకు కూలి కోసినచో ఎవ్వడును నీడకు పోడు.

విరామమిచ్చిన పని తగ్గునను భయమునకు ఒక దృష్టాంతము చెప్పవచ్చును. మధ్య అమెరికాలోని చెఱకు తోటలలో ఎండన పడి కోత కోయు యువకులకు మూత్రపిండములు చెడి అనేకులు మరణించుచుండిరి. ఎల్ సాల్వడార్ దేశమున 2014-15 కోతకాలమున ఒక తోటలో కూలివాండ్రకు వీపున మోయు నీటిసంచులు, తరలింపదగిన గుడారపు నీడ, నియమిత విరామములు, మేలైన కత్తులు ఇచ్చి పరీక్షించిరి. అంతట కూలివాండ్ర బాధలు తగ్గుటయే గాక, ఒక్కొక్కడు కోసిన చెఱకు తగ్గుటకు మాఱుగా పెరిగినది. అలసిన చేతికంటె విశ్రమించిన చేయి ఎక్కువ కోయునని మన రైతులకును అనుభవమే.

5. నీరు, ఆహారము

దాహము వేసినపుడు త్రాగుదమని ఆగరాదు. దాహము తోచునప్పటికే దేహమున నీరు తగ్గియుండును. పని చేయునపుడు ప్రతి 15 లేక 20 నిమిషముల కొకసారి ఒక గ్లాసెడు, అనగా పావు లీటరు వంతున నీరు త్రాగవలెను. ఒక్కసారిగా చెంబెడు త్రాగుట కంటె తఱచుగా కొంచెము కొంచెము త్రాగుట మేలు. గంటకు లీటరున్నర మించి త్రాగరాదు. ఉప్పు లేని వట్టి నీరు అతిగా త్రాగినను రక్తములోని ఉప్పు పలుచబడి అపాయము గలుగును.

చెమటతో ఉప్పును పోవును గనుక అంబలి, గంజి, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, నిమ్మరసపు నీరు మిక్కిలి యుపయోగకరములు. జొన్న యంబలియో రాగి యంబలియో త్రాగి పొలమునకు పోవు పాత యాచారము నీరును, ఉప్పును, బలమును ఒక్కసారిగా నిచ్చును. తాటి ముంజెలు, కొబ్బరినీరు, పుచ్చకాయ, దోసకాయ మంచివి. మిక్కిలి బడలినవారికి ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆఱు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి ఈయవచ్చును. చెంచాలు తల గొట్టి సమముగా కొలువవలెను. ఆసుపత్రులలో దొరకు ఓ.ఆర్.ఎస్. పొడి ఇంకను శ్రేష్ఠము. రక్తపు పోటు, గుండె జబ్బు, మూత్రపిండముల జబ్బు గలవారు ఉప్పు నీటి విషయమున వైద్యుని యడిగి నడుచుకొనవలెను.

కల్లు, సారాయి దాహము తీర్చవు. అవి మూత్రమును హెచ్చించి దేహమున నీటిని తగ్గించును. మత్తుచేత ఎండ తగులుటయు తెలియకుండ జేయును. జేబులో ఉల్లిగడ్డ వేసికొన్న వడదెబ్బ తగులదను నమ్మకము గలదు. ఉల్లిగడ్డను అంబలిలో నంజుకొని తినుట మంచిదే గాని, జేబులో నున్న యుల్లిగడ్డ దేహమును చల్లబఱుపజాలదు. దానిని నమ్మి నీరు మఱచుట హాని.

మూత్రము లేత పసుపు రంగున నున్నచో నీరు చాలినట్లు. చిక్కని పసుపు రంగున, కొంచెముగా వచ్చినచో చాలనట్లు. ఇది ప్రతివాడును తనంతట తాను చూచుకొనదగిన గుఱుతు.

ఒక విషయము మొగమాటము లేకుండ చెప్పవలసియున్నది. ఆడకూలీలు పొలమున చాటు లేనందున, మూత్రమునకు పోవలసివచ్చునను భయముచే ఉదయమునుండి నీరు త్రాగకయే పని చేయుదురు. నీళ్ళకుండ పెట్టినంత మాత్రమున వారు త్రాగరు. గట్టు ప్రక్కన నాలుగు తడికెలు కట్టించి చాటు కల్పించుట రైతునకు పెద్ద ఖర్చు గాదు.

6. నీడ, వస్త్రములు

పని జరుగుచోటనే నీడ యుండవలెను. అరమైలు దూరమున చెట్టున్నదన్న ఎవ్వరును పోరు. చెట్టు లేని చోట నాలుగు గుంజలు పాతి తాటాకుల పందిరి వేయించి, దాని క్రింద ఇసుకపై నీళ్ళకుండ నుంచవలెను. కుండకు తడిగుడ్డ చుట్టి గాలి తగులనిచ్చిన నీరు చల్లనగును. పసిపిల్లల తల్లులు పనికి వచ్చినచో ఆ పందిరి క్రిందనే ఊయల కట్టింపవలెను.

తెల్లనివియు, వదులైనవియు నగు నూలు బట్టలు ధరింపవలెను. చొక్కా విప్పి ఒళ్ళెండబెట్టుకొనుటచే చల్లదనము గలుగదు; ఎండ నేరుగా చర్మమును కాల్చును. తలకు తడిపిన రుమాలు చుట్టి, మెడ వెనుక కొంత వ్రేలాడవిడువవలెను. కాళ్ళకు చెప్పులు తప్పక యుండవలెను.

7. ఇంట నుండువారు

ఇంట నున్నవారికి అపాయము లేదని తలంపరాదు. రేకుల యిండ్లలో పగటి వేడిమి రాత్రివఱకు నిలుచును. ముసలివారికి దాహము సరిగా తోచదు; చెమటయు తక్కువ. వారిని గంటకొకసారి పలుకరించి నీరో మజ్జిగయో ఇచ్చుట ఇంటివారి విధి. మూత్రము హెచ్చించు మాత్రలు, మనోవ్యాధులకు వాడు కొన్ని మాత్రలు ఎండకు దేహము తాళుశక్తిని తగ్గించును. అట్టివి వాడువారు వాటిని తమంతట మానక, వేసవికి ముందే వైద్యుని యడుగవలెను.

ఇంటి కప్పుపై తెల్లసున్నము పూసినచో ఎండ చాలవఱకు వెనుకకు మరలును. రేకులపై వరిగడ్డి గాని తాటాకు గాని పఱచుటయు మేలే. నిప్పు విషయమున జాగ్రత్త యవసరము. తెలంగాణ ప్రభుత్వము 2023వ సంవత్సరమున చల్లని కప్పుల విధానము నొకదానిని ప్రకటించుటయు ఈ ప్రయోజనము నెంచియే. పగలు పడమటి కిటికీలు మూసి, తడిపిన వట్టివేళ్ళ తడికెలు గాని గోనెలు గాని కట్టి, రాత్రి అన్నియు తెఱువవలెను. గాలి 40 డిగ్రీలు దాటినపుడు వట్టి పంకా గాలి దేహమును వేడిచేయును గాని చల్లబఱుపదు; అప్పుడు ఒళ్ళు తడిగుడ్డతో తుడుచుకొనవలెను. స్త్రీలు వంటను ఉదయముననే ముగించుకొనుట మంచిది.

8. వడదెబ్బ గుఱుతులు, వెంటనే చేయవలసినది

మొదట పిక్కలు, పొట్ట కండలు పట్టును. పిదప తలనొప్పి, తల తిరుగుట, వాంతి వచ్చినట్లుండుట, మిక్కిలి బడలిక గలుగును. ఈ దశలోనే పనివానిని నీడకు దెచ్చి, పండుకొనబెట్టి, బట్టలు వదులు చేసి, ఉప్పు చక్కెర కలిపిన నీరు త్రాగించినచో కోలుకొనును. ఆనాడు మరల పనికి దింపరాదు.

మాట తడబడుట, పొంతన లేకుండ మాటలాడుట, తూలుట, కోపించుట, మూర్ఛ పోవుట, ఫిట్లు వచ్చుట కనబడినచో అది వడదెబ్బయే. చర్మము పొడిగా నున్ననే వడదెబ్బ యని కొందఱందురు. అది సరికాదు, పని చేయుచు పడిపోయినవానికి చెమట పట్టియుండియు వడదెబ్బ యుండవచ్చును. మనస్సు చెదరుటయే ముఖ్యమైన గుఱుతు. త్రాగి వాగుచున్నాడని ప్రక్కన పడవేసినచో వాని ప్రాణము పోవును.

అట్టి సమయమున:

(అ) ఒకడు 108కి టెలిఫోను చేయవలెను. తక్కినవారు క్షణమైనను ఆగక చల్లబఱుపవలెను. బండి వచ్చుదాక చూచుచు కూర్చుండరాదు. మొదటి అరగంటలో వేడిమి దిగినచో బ్రతుకు ఆశ మెండు.

(ఆ) నీడకు దెచ్చి, బట్టలు తొలగించి, బావినీరు గాని బోరు నీరు గాని తల మొదలు పాదములవఱకు ఆపకుండ పోయుచు విసరవలెను. పశువుల తొట్టి యున్నచో మెడవఱకు నీటిలో నుంచి, తల మునుగకుండ ఇద్దఱు పట్టుకొనవలెను. మెడ, చంకలు, గజ్జలు తడిగుడ్డలతో కప్పవలెను.

(ఇ) తెలివి లేనివానికి నోట నీరు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. ప్రక్కకు త్రిప్పి పండుకొనబెట్టవలెను.

(ఈ) జ్వరపు మాత్రలు వేయరాదు. ఇది జ్వరము గాదు గనుక వాటిచే వేడిమి దిగదు.

(ఉ) ఆసుపత్రికి తీసికొని పోవునపుడును దారి పొడుగునను తడుపుచు, విసరుచు పోవలెను.

9. పశువులు

మనుష్యునివలెనే పశువులకును ఎండ తగులును. బఱ్ఱెలకు చర్మము నల్లన, చెమట గ్రంథులు తక్కువ. అందుచేతనే అవి నీటి మడుగుల నాశ్రయించును. చెఱువు ఎండిపోయినచో దినమునకు రెండు మూడుసార్లు వాటిపై నీరు చల్లవలెను. దుక్కి టెద్దులను ఎండ ముదరక మునుపే విప్పి, ఆయాసము తీరిన పిదప నీరు పెట్టవలెను. గడ్డి అరుగునపుడు దేహమున వేడి పుట్టును గనుక మేతలో నెక్కువ భాగమును సాయంత్రము, రాత్రి వేయుట మేలు. గొఱ్ఱెలను తెల్లవారుజామున, సాయంకాలము మేపవలెను. కోళ్ళకు చెమటయే పట్టదు. అవి నోరు తెఱచి రొప్పినచో వెంటనే నీడయు నీరును కల్పింపవలెను.

10. ముగింపు

వడదెబ్బను తెలంగాణ ప్రభుత్వము 2025వ సంవత్సరమున రాష్ట్రపు విపత్తుగా ప్రకటించి, మృతుని కుటుంబమునకు 4 లక్షల రూపాయల సహాయము నిర్ణయించినది. మరణము వడదెబ్బ చేతనే కలిగెనని విచారణ జరుగవలసియుండును గనుక, అట్టిది సంభవించినచో దహనమునకు పూర్వమే తహశీల్దారునకును, ప్రభుత్వ వైద్యునకును తెలుపుట గ్రామస్థుల కర్తవ్యము. కాని ఎంత ధనమైనను పోయిన యింటి పెద్దను తిరిగి తేజాలదు.

రైతు చేయవలసినది కొంచెమే: పని వేళలు మార్చుట, చేరువనే పందిరియు నీళ్ళకుండయు నుంచుట, క్రొత్తవానిని మొదటి నాలుగు దినములు కనిపెట్టుట, మాట తడబడినవానిని వెంటనే తడుపుట. వీనికి పట్టు ఖర్చు ఒక బస్తా యెరువు ఖరీదునకు మించదు. రోహిణి కార్తె రాకమునుపే, భరణి కార్తెలోనే, ఈ యేర్పాట్లు చేసికొని, చదువురాని కూలివాండ్రకు దీనిని చదివి వినిపింపవలెనని రైతు మహాశయులను కోరుచున్నాము.